పోలరాజు వీపులో మిల్లు

హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లో, కాసిడీహ్ పేటలో నూకాలమ్మకి పొద్దు టీతో మొదలవుతుంది. ఐదున్నరకి గిన్నె పెట్టి, అల్లం దంచి వేసి, మూడు పొంగులు రానిచ్చి దించుతుంది. మొదటి గ్లాసు భర్త పోలరాజుది. అది ఆయన చేతికిచ్చి, "పంచదార సరిపోనాదా మావా?" అని అడుగుతుంది. ఆయన ఏమీ అనడు. పందొమ్మిదేళ్లుగా ఏమీ అనలేదు, ఆయనకి వినబడదు కాబట్టి. ఆవిడ కూడా జవాబు కోసం ఆగదు. అడగడం అడిగేసి, రెండో గ్లాసు వడగడుతుంది.

పోలరాజు ముప్పైమూడేళ్లు రోలింగ్ మిల్లులో ఖలాసీ. ఖలాసీ అంటే, పైన క్రేన్ నడిపేవాడికి కింద నిలబడి చేతి సైగలతో దారి చూపించేవాడు. ఎర్రగా కాలిన ఇనప దిమ్మలు రోలర్ల మధ్య నలిగి కడ్డీలుగా వచ్చే చోట మనిషి మాట పక్క మనిషికి చేరదు. అందుకే సైగలు. వేలు పైకెత్తి చిన్న సున్నా చుడితే ఎత్తమని. వేలు కిందికి చూపి చుడితే దించమని. చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి నేలకేసి ఉంచితే ఆపమని.

అన్నేళ్ల చప్పుడూ ఆయన చెవుల్లోకి వెళ్లింది గాని, బయటికి వచ్చే దారి చూసుకోలేదు. రిటైరైన ఏడాదికి చెవులు నిండిపోయాయి. ఇక బయటి చప్పుడు పట్టే చోటు లేదు. ఆ మిల్లుని విప్పేసి, ఇనుము తూకానికి అమ్మేసి పదేళ్లు దాటింది. అయినా పోలరాజు వీపుకి చెవి ఆనిస్తే అది ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. రోలర్లు తిరుగుతాయి, కడ్డీలు దొర్లుతాయి, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు సైరన్ కూస్తుంది. వాడకట్టు డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి విని, "బి షిఫ్టు నడుస్తోంది" అని బీపీ మాత్రలు రాసిస్తారు. పక్కింటి చిలకమ్మ తన మనవణ్ణి మధ్యాహ్నం తీసుకొచ్చి ఆ వీపు మీద పడుకోబెడుతుంది. పిల్లాడు నిమిషంలో నిద్రపోతాడు. నూకాలమ్మ కూడా ఆ హోరు పక్కన తప్ప కునుకు తియ్యలేదు.

ఆ ఇంట్లో పోలరాజుతో అందరూ క్రేన్ సైగల్లోనే మాట్లాడతారు. అన్నానికి కూర్చోమంటే దించే సైగ. లేవమంటే ఎత్తే సైగ. ఆయన మనవరాలు రజని అక్షరాలకంటే ముందు ఆ సైగలే నేర్చుకుంది.

రజనికి ఇరవైమూడేళ్లు. గిటారు వాయిస్తుంది. చెయ్యి మంచిదని విన్నవాళ్లందరూ అంటారు. కాని ఇంట్లో ఏం రికార్డు చేసినా, ఆ హోరుకి తీగలు కూడా అదిరి, పాట అడుగున మిల్లు పడుతుంది. రెండు బృందాలు ఆ మాటే చెప్పి వద్దన్నాయి. ఇప్పుడు సౌరభ్ అనే కుర్రవాడి బృందం పిలిచింది. వాళ్లకి కావలసినది ఇంట్లో కూర్చుని తన వంతు సంగీతం రికార్డు చేసి పంపగలిగిన మనిషి, దసరా పూజల రోజుల్లో స్టేజీ ఎక్కి వాయించగలిగిన మనిషి. రెండూ ఒకరే కావాలి. శుక్రవారం లోపల ఒక పాట పంపాలి, ఆదివారం బిష్టుపూర్‌లో ఒక హాల్లో అందరితో కలిసి వాయించి చూపించాలి. ఇది కూడా తప్పితే, తను చూసిపెట్టిన ఆఫీసు పనిలో చేరిపోవాలని తండ్రి సత్యప్రసాద్ అన్నాడు. సరేనని రజని మాటిచ్చింది.

సోమవారం ఆమె బిష్టుపూర్‌లో వాయిద్యాలమ్మే మనోజ్ కొట్టుకి వెళ్లి రెండు పెట్టెలు మోసుకొచ్చింది. ఒకటి బియ్యం కొలిచే తవ్వకంటే పెద్దది కాదు, రెండోది పీటంత ఉంది.

"ఏటే గుంటా, రెండు తెచ్చీసినావు?" అంది నూకాలమ్మ.

"దోనోం నహీఁ నానమ్మా, ఒక్కటే ఉంచుకుంటాను. వాయించి చూసి రెండోది వాపస్."

వీటిని మోడెలర్లంటారు. కరెంటు గిటారు తీగ మీటితే దానంతట దానికి గొంతు లేదు. ఆంప్లిఫయరనే పెట్టెలోంచి వస్తేనే అది పాట. ఆ పెట్టెలు ఒక్కోటి ఒక్కో రకంగా పలుకుతాయి. ఒకటి తేనెలా, ఒకటి గరగరగా, ఒకటి గంటలా. అన్నీ కొనలేం, కొన్నా మొయ్యలేం. మోడెలర్ ఆ గొంతులన్నీ నేర్చుకుని, అడిగినప్పుడు అడిగినట్టు పలుకుతుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే ఇంట్లోనే రికార్డింగు అవుతుంది, స్టేజీ మీద పెట్టి కాలితో నొక్కితే అక్కడా పలుకుతుంది. క్లాసులో అందరి గొంతులూ అనుకరించే పిల్ల ఒకతె ఉంటుంది చూడండి, అలాంటిది.

పీటంత పెట్టెలో మూడువందల గొంతులున్నాయి. కాలితో నొక్కడానికి వరసగా ఎనిమిది మీటలున్నాయి. పైగా అనవసరపు హోరుని నొక్కేసే తలుపు లాంటి ఏర్పాటు ఒకటుంది. స్టేజీకి దాన్ని మించింది లేదని మనోజ్ చెప్పాడు. చిన్న పెట్టెలో గొంతులు తక్కువ, మీటలు మూడే. అయితే ఏ ఆంప్ ముందైనా మైకు పెట్టి వినిపిస్తే ఆ గొంతుని అది నేర్చేసుకుంటుంది. "ఇంట్లో మంచి ఆంప్ ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది, నీకెందుకు" అన్నాడు మనోజ్. రజని దగ్గరున్నది పాత ఆంప్ ఒకటి, చెప్పుకోదగ్గ గొంతు లేనిది. దానికి పోలరాజు మాత్రం వీపు ఆనించి కూర్చుంటాడు. మనవరాలు వాయిస్తే ఆయన వెన్నుపూసలోంచి పాట తెలుస్తుంది.

రజనికి పెద్ద పెట్టె మీదే మనసు పోయింది. హోరుని ఆపే తలుపుంది కదా. మంగళ, బుధవారాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గొంతులు ఏరి, తలుపు బిగించి, పాట రికార్డు చేసి పంపింది. మిల్లు ఎక్కడా లేదు. సాయంత్రానికి సౌరభ్ కబురు వచ్చింది. హోరు లేదు, బాగుంది, కాని స్వరం పూర్తికాకుండానే ఎవరో పీక నొక్కినట్టుందేమిటని అడిగాడు. రజని మళ్లీ విని చూసుకుంది. నిజమే. ఆ తలుపుకి ఏది మిల్లో, ఏది మీటిన తీగ చివర మిగిలిన సన్నని నాదమో తెలియదు. చిన్నగా వినబడినదల్లా దానికి హోరే. పిల్ల జవాబు చెప్పడం పూర్తికాకముందే కూర్చోపెట్టేసినట్టు, ప్రతి స్వరాన్నీ చివర తుంచేసింది. తలుపు వదులు చేస్తే మిల్లు వచ్చేస్తోంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర సత్యప్రసాద్ ఒక మాటన్నాడు. సీతారాండేరాలో అక్క ఉంది కదా, నాన్నని ఆదివారం దాకా అక్కడ ఉంచుదామని. నాలుగు రోజులే. ఎవరూ తప్పన్లేదు. రజనికి తెలుసు, ఇది నాలుగు రోజులతో పోదు. ప్రతి పాటకీ ఆయన్ని పంపాల్సిందే.

గురువారం పొద్దున్న తల్లి సుధారాణి రెండు పంచెలు, మాత్రలు, తువ్వాలు సంచిలో సర్దింది. సత్యప్రసాద్ ఆటోకి వెళ్లాడు. పోలరాజుకి ఎవరూ సైగ చెయ్యలేదు. చెయ్యడానికి ఏ సైగ ఉంది? మిల్లులో ఎత్తమనీ దించమనీ ఉంది గాని, వెళ్లిపొమ్మని లేదు. ఆయన సంచి చూశాడు, గిటారు చూశాడు, మనవరాలి మొహం చూశాడు. సంచి తనే తీసుకుని వీధి మెట్టు మీద కూర్చున్నాడు.

నూకాలమ్మ గుమ్మంలో నిలబడి, వినని మనిషితోనే మాట్లాడింది.

"ఎల్లు మావా, ఎల్లు. మీ మిల్లుతో నాకు నిద్ర అలవాటు చేసీసి, ఇప్పుడు దాన్ని కూతురింటికి మోసుకుపోతన్నావు. మరి నాకేటి దారి?"

ఆటో వచ్చి ఆగింది. పోలరాజు లేచి ఒక అడుగు వేశాడు. అప్పుడు రజని పరుగున వచ్చి ఆయన ముందు నిలబడి, చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి నేలకేసి పెట్టింది.

క్రేన్ కింద ఒక నియమం ఉంటుంది. ఎత్తమని గాని, దించమని గాని చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. ఊడ్చేవాడు చెప్పినా, కొత్తగా చేరినవాడు చెప్పినా సరే. దాన్ని పోలరాజు ముప్పైమూడేళ్లలో ఒక్కసారీ దాటలేదు. ఆగిపోయాడు. సంచి కింద పెట్టాడు.

"మరేటి చేత్తావే?" అన్నాడు సత్యప్రసాద్, ఆటోవాడికి ఏం చెప్పాలో తెలియక. "శుక్రవారం రేపేగా?"

"తాతయ్య ఎక్కడికీ వెళ్లరు నాన్నా. పాట పోతే పోనీ."

ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆయన అలవాటు ప్రకారం ఆంప్‌కి వీపు ఆనించి కూర్చున్నాడు. రజని పెద్ద పెట్టె తీగలు విప్పి, అట్టపెట్టెలో సర్దేసింది. చిన్నదాన్ని కూడా సర్దబోతూ ఆగింది. హోరుని ఎలా ఆపాలా అని మూడు రోజులుగా చూస్తోంది. దాన్ని నేర్చుకుంటే ఏమవుతుందని ఒక్కసారీ అనుకోలేదు.

చిన్న పెట్టె తీగ ఆంప్‌కి తగిలించింది. మైకు తెచ్చి తాతయ్య రొమ్ముకి జానెడు దూరంలో పెట్టింది. ఆ పెట్టె నేర్చుకునే పద్ధతి ఇది: ముందు తను కొన్ని చప్పుళ్లు ఆంప్‌లోకి పంపిస్తుంది, అవి అవతలికి ఎలా మారి వచ్చాయో మైకులోంచి వింటుంది, ఆ తేడాని గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పుడా చప్పుళ్లు ఆయన వీపులోంచి లోపలికి వెళ్లి, మిల్లంతా తిరిగి, రొమ్ములోంచి రావాలి. రజని ఆయన ఎదుట మోకాళ్ల మీద కూర్చుని పెట్టెని చూపించింది, మైకుని చూపించింది, ఆయన గుండెని చూపించింది. తరవాత కనుబొమలెగరేసి అడిగింది.

పోలరాజు మైకుని ఒకసారి వేలితో తాకి చూశాడు. కుడిచెయ్యి లేపి, వేలు పైకెత్తి, చిన్న సున్నా చుట్టాడు. ఎత్తు.

పెట్టె ఐదు నిమిషాలు రకరకాలుగా కూసింది. కిచకిచలాడింది, ఉరిమింది. ఆయన కళ్లు మూసుకుని, షిఫ్టులో నిలబడ్డట్టు నిటారుగా కూర్చున్నాడు. చివరికి చిన్న దీపం పచ్చగా వెలిగింది. పేరు పెట్టమని పెట్టె అడిగింది. రజని "ఖలాసీ" అని కొట్టింది.

తరవాత గిటారు తీసి ఒక్క తీగ మీటింది. ఆ స్వరం ఇనపకడ్డీలా ఎర్రగా సాగింది. సాగి, దొర్లి, చల్లబడుతూ చివరిదాకా వెళ్లింది. దాన్ని ఎవరూ తుంచలేదు. పాట అడుగున పడి ఉండే హోరు ఇప్పుడు పాటకి గొంతైంది. గదిలో మాత్రం విడిగా మరే చప్పుడూ లేదు. చాలా ఏళ్లుగా లేనంత నిశ్శబ్దం. రజని వాయించే ధ్యాసలో దాన్ని గమనించలేదు. ఆ మధ్యాహ్నం చిలకమ్మ మనవడు పోలరాజు వీపు మీద పడుకోక ఏడిచాడు. రజని చిన్న పెట్టెని మంచం పక్కన పెట్టి మెల్లగా మోగిస్తే పడుకున్నాడు. నూకాలమ్మ కూడా దాని పక్కకే చాప జరుపుకుంది. ఆ మూడు రోజులూ పోలరాజు, ఏదో లీలగా తగులుతున్నట్టు, మాటిమాటికీ చెవి రుద్దుకున్నాడు.

పాట శుక్రవారం వెళ్లింది. పెద్ద పెట్టె మనోజ్ కొట్టుకి తిరిగి వెళ్లింది. ఆదివారం హాల్లో రజని మూడు మీటల చిన్న పెట్టెని నేల మీద పెట్టింది. హెడ్‌ఫోన్లో కుదిరినది హాల్లో కుదరదన్న భయం ఉంది. వేడి చారులో సరిపోయిన ఉప్పు చల్లారాక ఎక్కువైనట్టు, చిన్నగా విన్న గొంతు పెద్దగా వింటే మారిపోతుంది. కాని ఈ గొంతు చిన్నగా పుట్టింది కాదు. అంత పెద్ద హాలు దానికి ఇల్లే. రెండో పాట మధ్యలో ఆమె ఒక స్వరాన్ని పొడుగ్గా లాగి వదిలితే, తలుపు దగ్గర ముసలి వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి, టోపీ సర్దుకుని, షిఫ్టుకి వేళైనట్టు గోడ గడియారం చూశాడు. సౌరభ్ ఇంకొక పాట వాయించమనలేదు. అష్టమి నాడు ఎన్నింటికి రావాలో చెప్పాడు.

మర్నాడు ఐదున్నరకి నూకాలమ్మ గిన్నె పెట్టింది. అల్లం దంచి వేసి, మూడు పొంగులు రానిచ్చి దించింది. మొదటి గ్లాసు పోలరాజు చేతికిచ్చి, "పంచదార సరిపోనాదా మావా?" అని అడిగి, రెండో గ్లాసు వడగట్టడానికి వెనక్కి తిరిగింది.

పోలరాజు ఒక గుక్క తాగాడు. గ్లాసులోకి చూశాడు.

"కూసింత తక్కువైనాది" అన్నాడు.

నూకాలమ్మ చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది. టీ గ్లాసు నిండి, పొర్లి, గట్టు మీద పారుతూ ఉంది. ఆ పారే చప్పుడు ఇద్దరూ విన్నారు.