సాసరు మీద స్పూను

"ఆ కుర్చీ కిటికీ దగ్గరికి జరుపు, గది పెద్దగా కనిపిస్తుంది. కాఫీ కూడా కాచి ఉంచవోయ్. ఆ వాసనకే సగం బేరం కుదిరిపోతుందట," అన్నాడు క్లిఫ్, పేపర్లోంచి తలెత్తకుండా.

థెల్మా అప్పటికే వెనకగదిలో మోకాళ్ళ మీద కూర్చుని గోడ వారనున్న చెక్కపట్టీ తుడుస్తోంది. నడుము పట్టేసింది. ఇల్లు అమ్మేది మొగుడూ పెళ్ళాం ఇద్దరూ, తుడిచేది మాత్రం ఆమె. ఈ లెక్క నలభై ఏళ్ళుగా మారలేదు. ఇవాళొక్కరోజుకి మారుతుందని ఆమె కూడా అనుకోలేదు.

బెక్స్‌హిల్ సముద్రం ఒడ్డున ఈ ఫ్లాటు కొన్నప్పుడు వాళ్ళకి పాతికేళ్ళు నిండలేదు. కొన్నారన్న మాటే గానీ నేల ఇంకెవరిదో, వీళ్ళ చేతికొచ్చింది తొంభై తొమ్మిదేళ్ళ లీజులో మిగిలిన అరవై చిల్లర ఏళ్ళు. ఏళ్ళు కరిగేకొద్దీ ఇంటి విలువా కరుగుతుంది. చివరికి బ్యాంకులు ఆ ఇంటి మీద అప్పివ్వడం మానేస్తాయి. రొక్కం పెట్టి కొనేవాడు దొరకాలి, వాడేమో తన ధరకే ఇమ్మంటాడు. లీజు పొడిగించుకోవడం చవకగా ఉన్న రోజుల్లోనే థెల్మా అడిగింది. "మనం పోయేలోగా అయిపోదులేవోయ్," అని క్లిఫ్ నవ్వేశాడు. ఆ లీజులో ఆయన పట్టించుకున్న షరతు ఒక్కటే, ఏడేళ్ళకోసారి లోపలి గోడలకి రంగు వేయించాలన్నది. డబ్బిచ్చి వేయించడమెందుకు, థెల్మా ఉందిగా! బడి వంటశాలలో రోజంతా గరిటె తిప్పి వచ్చి, రాత్రిళ్ళు నిచ్చెనెక్కేది. కింద నిలబడి, "ఆ మూల వదిలేశావు," అని చూపించేవాడు.

ఈ వెనకగదిలో పదకొండేళ్ళు అత్తగారు ఎడ్నా మంచాన ఉంది. పక్షవాతానికి మాట పడిపోయింది గానీ కుడిచేయి మిగిలింది. ఆ చేత్తో స్పూను పట్టుకుని సాసరు మీద కొట్టేది. టీ కావాలన్నా, దిండు జారినా, ఊరికే గోడ చూసి విసుగు పుట్టినా అదే చప్పుడు. అది వినగానే క్లిఫ్ నోట రెండు మాటలు వచ్చేవి. "థెల్, అమ్మ." తల ఎత్తేవాడు కాదు, పేపరు దించేవాడు కాదు. థెల్మా లేచేది. అన్నం ముందు నుంచి లేచింది, నిద్రలోంచి లేచింది, తన సొంత తల్లి పోయిందన్న ఫోను చేతిలో ఉండగా కూడా లేచింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఏడుపొస్తుంది, ఏడిస్తే టీ చల్లారిపోతుంది.

ఎడ్నా పోయి నాలుగేళ్ళయింది. మంచం తీసేశారు, సాసరు థెల్మాయే స్వయంగా పగలగొట్టి చెత్తలో వేసింది. అయినా సాయంత్రాలు టంగ్ టంగ్‌మని వినిపిస్తూనే ఉంది. మొదటిసారి టీ కలిపి తీసుకెళ్ళి, ఖాళీ గది గుమ్మంలో నిలబడిపోయింది. ఆ తర్వాతా మోగిన ప్రతిసారీ లేచి వెళ్ళి చూస్తూనే ఉంది. క్లిఫ్‌తో చెబితే, "వయసు మీద పడుతోంది థెల్, చెవులు చూపించుకో," అన్నాడు. చూపించుకుంది. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. అంటే తేడా తలలోనే ఉందన్నమాట అనుకుంది. ఆ భయంతోనే ఇల్లు అమ్మడానికి ఒప్పుకుంది. ఈ గోడలు వదిలితే చప్పుడూ వదులుతుందేమోనని.

కానీ ఇక్కణ్ణుంచి వెళ్ళేది స్కెగ్నెస్‌కి, ఆడపడుచు బెరిల్ ఇంటికి. బెరిల్‌కి తుంటి ఎముకలు అరిగిపోయాయి. "నువ్వు పక్కనుంటే దానికి కొండంత ధైర్యం," అన్నాడు క్లిఫ్ ఎంతో ప్రేమగా. ఆ ఇంట్లోనూ ఒక వెనకగది ఉంది.

కొనేవాడు రస్సెల్ వచ్చాడు. మొనదేలిన బూట్లు, తీయటి మాట. కాఫీ వాసన పీల్చి, "భలే ఉందమ్మా," అన్నాడు గానీ ధర పైసా పెంచలేదు. "ఇంత తక్కువ ఏళ్ళు మిగిలిన లీజుకి రొక్కం ఇచ్చేది నేనొక్కణ్ణే సార్. ఇద్దరి పేరా ఉంది కదా, ఇద్దరూ సంతకం పెట్టండి. మిగతాది లాయర్లు చూసుకుంటారు." కాగితం బల్ల మీద పెట్టి, ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళాడు.

క్లిఫ్ కళ్ళజోడు సవరించుకుని వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుతున్నాడు. థెల్మా ఎదురుగా కూర్చుని తన వంతు కోసం చూస్తోంది. అప్పుడు మోగింది. టంగ్. టంగ్.

"థెల్, అమ్మ," అన్నాడు క్లిఫ్.

వాక్యం మీద వేలు అక్కడే ఆగిపోయింది. మెల్లగా తలెత్తాడు.

"నీకూ వినిపిస్తోందా?" అంది థెల్మా. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకి. "ఎప్పట్నుంచి?"

"అదీ... మొదట్నుంచీ."

"మరి నా చెవులన్నావు! నాకు పిచ్చి పట్టిందనుకున్నాను కదా క్లిఫ్, నాలుగేళ్ళు!"

"నువ్వు లేచి వెళ్తున్నావుగా," అన్నాడు చిన్నపిల్లాడిలా. "నువ్వెళ్తే ఆగిపోతోంది. అందుకని ఊరుకున్నా."

చచ్చినావిడ మీద థెల్మాకి కోపం రాలేదు. పాపం, ఆవిడ ఎప్పుడూ పిలిచింది కొడుకునేనేమో. వచ్చింది మాత్రం కోడలు.

థెల్మా కాగితం తనవైపు లాక్కుని సంతకం పెట్టింది. పక్కనే, తన సగం డబ్బు తన ఖాతాలోనే పడాలని గుండ్రంగా రాసి, దాని కింద కూడా సంతకం చేసింది.

"నేను స్కెగ్నెస్‌కి రావడం లేదు," అంది. "బెరిల్‌కి నువ్వే చెప్పు. ఎక్కడుంటానో ఇంకా తెలీదు. ఒక్క గది చాలు నాకు."

"థెల్, తమాషా చెయ్యకు..."

వెనకగదిలో స్పూను మళ్ళీ మోగింది, ఈసారి గట్టిగా, ఆగకుండా. క్లిఫ్ రెండు చేతులూ బల్లని పట్టుకున్నాయి. చూపు మాత్రం ఆమె కాళ్ళ మీదే ఉంది, ఎప్పుడు లేస్తుందా అని.

థెల్మా కాఫీ కప్పు దగ్గరికి లాక్కుంది.

"మీ అమ్మ పిలుస్తోంది క్లిఫ్. లేచి వెళ్ళు."