చేతులతో పాడిన పాట

ఆ చర్చిలో పాటలు నడిపించేది ఒక దర్జీ. ఆమె కుట్టు ఎంత నిక్కచ్చో పాటా అంతే. శ్రుతి తప్పదు, తాళం జారదు. కాకపోతే పాడేటప్పుడు ఎవరూ కదలకూడదు. ఎవరైనా చప్పట్లు మొదలుపెడితే కళ్లతోనే కత్తిరించేసేది.

పాస్టరుగారు మెత్తని మనిషి. "కాస్త చేతులెత్తి పాడదామమ్మా. దేవుడి ముందు కూడా సంతోషాన్ని దాచుకోవడమెందుకు?" అనేవారు.

"మనసులో ఉంటే చాలదాండీ? ఒళ్లు ఊపితేనే భక్తా?" అని ఆమె ఆయన నోరు మూయించేది. సంఘమంతా గోడకు దిగ్గొట్టిన మేకుల్లా నిలబడి పాడేది.

అంతలో ఆమె అత్తగారు వాళ్లింట్లో ఉండటానికి వచ్చింది. పెద్దావిడకు పసితనంలోనే చెవులు పోయాయి, మాటలూ రాలేదు. తొలి ఆదివారం ముందు బెంచీలో కూర్చుంది. డ్రమ్ము మోగగానే అరచెయ్యి బెంచీకి ఆనించింది. చెక్కలోంచి దరువు చేతికి అందింది కాబోలు, ముఖం విప్పారింది. లేచి, చేతులెత్తి, ఊగుతూ గొంతులోంచి ఒక కేక పెట్టింది. పిల్లలు కిసుక్కుమన్నారు. కోడలికి తల తీసేసినట్టయింది.

ఇంటికి రాగానే వడ్రంగి మొగుడి మీద విరుచుకుపడింది. "మీ అమ్మకు కాస్త చెప్పండి. పరువు పోతోంది."

"ఏమని చెప్పను? చేతులు కట్టుకోమని చేతులతోనే చెప్పాలి కదే! నా వల్ల కాదు," అన్నాడు అతను.

ఆ తర్వాత కొన్నాళ్లకు దర్జీ గొంతు పూర్తిగా పూడుకుపోయింది. నెల రోజులు గుసగుస కూడా పనికిరాదన్నాడు డాక్టరు. ఆ నెలలో ఆమెకు నోరిచ్చింది అత్తగారే. ఉప్పు, కత్తెర, వేడినీళ్లు, ఒక్కో మాటకూ ఒక్కో సైగ నేర్పింది. సైగ తప్పితే వేళ్ల మీద ఒక్కటిచ్చి నవ్వేది. ఇద్దరూ పొయ్యి దగ్గర చేరి చేతులు తిప్పుతుంటే వడ్రంగి తలుపులోంచి తొంగి చూసేవాడు. "ఇంట్లో చిన్న చప్పుడు లేదు. అయినా నన్నే తిడుతున్నారని తెలిసిపోతోంది!"

ఆ నెలలో ఒక ఆదివారం పాటలు వేరొకరు నడిపించారు. దర్జీ అత్తగారి పక్కన నిలబడింది. ఒకప్పుడు మొగుడు ఇంటికప్పు మీంచి పడి, చావు తప్పి కళ్లు తెరిచిన రోజు ఆసుపత్రి వరండాలో ఆమె పాడుకున్న పాటే అందుకున్నారు. పాట గుండెలోంచి లేచి గొంతు దగ్గర ఆగిపోయింది. బయటికి దారి లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తగారు చూసింది. కోడలి అరచెయ్యి తీసి బెంచీకి ఆనించింది. దరువు మోచేతిదాకా పాకింది. పెద్దావిడ ఆ చేతిని మెల్లగా పైకెత్తి వదిలేసింది. చెయ్యి కిందికి దిగలేదు. రెండోది కూడా లేచింది. పడినవాణ్ణి లేపావు, ఊపిరి నిలిపావు అని తనకు వచ్చిన సైగలన్నీ కలిపి, ఏడుస్తూ నవ్వుతూ, దర్జీ చేతులతో పాట పాడింది.

వెనక వరసలో బండలాంటి ప్లంబరు ఒకడు చప్పట్లు కొట్టబోయి, అలవాటు కొద్దీ ఆమె వైపు చూసి ఆగాడు. కొట్టు, కొట్టు అన్నట్టు తల ఊపింది ఆమె. ఇక చర్చి దద్దరిల్లింది. కొందరు మోకరించారు, కొందరు ఎగిరారు, ఒక ముసలాయన గోడకు ఆనుకుని హాయిగా ఏడ్చాడు. పాస్టరుగారు గెంతితే కళ్లజోడు ముక్కు మీంచి జారి నేల మీద పడింది. ఆయన పట్టించుకోలేదు.

గొంతు తిరిగొచ్చాక మొదటి ఆరాధనలో దర్జీ మైకు ముందు నిలబడింది. "మీ ఇష్టం. చేతులెత్తండి, చప్పట్లు కొట్టండి, ఏడుపొస్తే ఏడవండి. కదలాలనిపించకపోతే ఊరికే కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. చేతులూపేవాళ్లు మాత్రం పక్కవాళ్ల కళ్లజోళ్లు చూసుకోండి."

అందరూ గొల్లున నవ్వారు. ఆమె నోటితో పాడుతూ, చేతులతోనూ పాడుతోంది. ముందు బెంచీలో అత్తగారు కొడుకును మోచేత్తో పొడిచి ఏదో సైగ చేసింది.

"ఏమంటోంది?" అని వెనకనుంచి ప్లంబరు అడిగాడు.

"కోడలు ఆ చివరి మాట వంకరగా చేసిందట. ఇంటికెళ్లాక దిద్దుతుందట," అన్నాడు వడ్రంగి, చప్పట్లు ఆపకుండానే.