వెనక్కి చూడకూడని షాటు

మొదట్లో అచ్యుతరామయ్య చేతిలో ఉన్నవి రెండే: అడుగు పుచ్చిపోయిన ఒక పడవ, సినిమా మేనేజరు ఇచ్చిన ఒక మాట. పడవ పూర్తిగా కాలి బూడిదైతే కొత్త పడవ ఖరీదు ముడుతుంది. లేకపోతే ఏమీ లేదు. ఇరవై ఏళ్ల ఎండుచేపల వ్యాపారంలో పుచ్చు సరుక్కి ఇంత మంచి బేరం అతనికెప్పుడూ తగల్లేదు.

అది 2004. ఆ సినిమా మొదటి భాగంలో కొట్టుకున్న ఇద్దరు ముసలి వీరులు ఈ రెండో భాగంలో ఏకమవుతారు. ఆ వేషాలు వేసేవాళ్లలో ఒకడు జాలరిపేటలో కర్రసాము నేర్పే సూరన్న. రెండోవారు గోదావరి వైపు నుంచి వచ్చి, స్టీలు ప్లాంటు ఫైర్ స్టేషన్లో పనిచేసి రిటైరైన కరాటే మాస్టారు త్రినాథరావు. ఆ మొదటి పోరులో ఎవరు గెలిచారో దర్శకుడు తేల్చకుండా వదిలేశాడు. తానే గెలిచానని ఎవరికి వారు నమ్మారు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. వాళ్లు కలిసి నటించకపోతే పడవ కాలేది లేదు.

అచ్యుతరామయ్య ఇద్దరి ఇళ్లకూ వెళ్లాడు. "నువ్వే గెలిసినావని మాస్టారే ఒప్పేసుకున్నారు" అని సూరన్నతో, "మీరే గెలిచారని సూరన్న అన్నాడండి" అని మాస్టారితో చెప్పాడు. అబద్ధానికి పెట్టుబడి అక్కర్లేదు. ఓడినవాడి మీద జాలిపడి ఇద్దరూ ఒప్పుకున్నారు.

రుషికొండ ఒడ్డున పడవ మీద డీజిలు పోసి అంటించారు. మండే పడవకి వీపు పెట్టి వీరులిద్దరూ నడిచి రావాలి. వెనక్కి చూడొద్దని దర్శకుడు మూడుసార్లు చెప్పాడు.

పదడుగులు వేశారో లేదో, పొగ సూరన్న ముక్కుకి తగిలింది.

"బావా, పడవ కాలిపోతంది!" మాస్టారిని బావా అనడం అదే మొదలు.

"సినిమా కదండీ. నడవండి."

"పడవ కాలతంటే సూత్తా ఊరుకునేవోడు జాలరేటి?" అంటూ సూరన్న కర్ర పారేసి పరుగెత్తాడు. డబ్బాతో సముద్రపు నీళ్లు ముంచాడు. అది చూసి మాస్టారికి కాలు నిలవలేదు.

"డీజిలు మంటకి నీళ్లేంటండీ? ఇసక పోయండి, ఇసక!"

"పాఠం సెప్పకు, తవ్వు!"

"ఒగ్గీండి! కాలనీండి!" అని అచ్యుతరామయ్య అడ్డం పడ్డాడు.

"పాపం, దిగులుకి మతి పోనాది" అని సూరన్న అతన్ని పక్కకి నెట్టాడు.

పావుగంటలో మంట చచ్చింది. కెమెరా ఆగలేదు. ఇంతకన్నా మంచి షాటు దొరకదని దర్శకుడు మురిసిపోయాడు. మేనేజరు పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "బూడిద ఏదండీ?" అన్నాడు.

చివరికి అచ్యుతరామయ్యకి మిగిలింది ఇది: ఒక పక్క మసిబారిన అదే పుచ్చు పడవ, దాన్ని కాపాడిన ఇద్దరు ప్రాణస్నేహితులు. రోజూ సాయంత్రం వాళ్లు అతని కొట్టు ముందు కూర్చుని, పడవ దక్కింది నీటివల్లో ఇసకవల్లో తేల్చమంటారు. టీలు అతనివే.