చెప్పని చరణం

మా ఆయన గోవిందసామి సేలం పక్కన ధర్మపురిలో కృతులు కట్టేవాడు, పిల్లలకు సంగీతం చెప్పేవాడు. కృతి కట్టినవాడి పేరు చివరి చరణంలో వస్తుంది. దాన్ని ముద్ర అంటారు. ఆయనకు నాకంటే ఆ ముద్ర మీదే మమకారం ఎక్కువ.

ఎనభై రెండులో ఒక శిష్యుడు ముద్ర మార్చి, ఆయన కృతిని సేలంలో తనదని పాడుకున్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో కిటికీలు తెరుచుకోలేదు. నేను కాఫీ తీసుకెళ్లినా పాట ఆపేసేవాడు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. కట్టుకున్న పెళ్లాం కూడా దొంగేనా అని నాకు ఒళ్లు మండేది.

పొన్ని మొరప్పూర్ నుంచి బస్సులో వచ్చి నేర్చుకునేది. నోట్లో నాలుక లేని పిల్ల. తన కొత్త కృతిని ఆమెకు అనుపల్లవి దాకా చెప్పి ఆపేశాడు.

"ఇది మా గురువు పాట, పాతది. చరణం ఎవురికీ తెలీదు," అన్నాడు.

తనదని తెలిస్తే ఎత్తుకుపోతుందని భయం. ఏం తెలివో!

అదియమాన్‌కోట్టై గుడి ఉత్సవంలో పొన్ని ఆ పాటే పాడింది. జనం తలలూపారు. సేలం నుంచి వచ్చిన విద్వాంసుడు ఒకాయన, ఇంత చక్కటి పాట ఎవరిదని అడిగాడు. మా ఆయన ఇక ఆగలేకపోయాడు. "నాది!" అని లేచి, నిలబడినచోటే ముద్రతో సహా చరణం పాడేశాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

విద్వాంసుడు పొన్ని వైపు తిరిగి, నిజమేనా అన్నాడు.

"పాతదని అయ్యే చెప్పినారు సామీ. ఈ చరణం నేను వినలేదు," అంది ఆ పిచ్చిపిల్ల.

"పాత పాటకు తన పేరు అతికించుకొనేదానికి సిగ్గులేదా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"ఆయన కట్టిందే! తలుపు చాటున నేను విన్నాను!" అని అరిచాను. పెళ్లాం మాట ఎవరు నమ్ముతారు? ఆయన మాత్రం, చాటుగా విన్నావా అన్నట్టు నన్ను కొరకొరా చూశాడు.

బయట పొన్ని ఏడుస్తూ ఆయన కాళ్ల మీద పడింది.

"అయ్యా, ఆ చరణం నాకు చెప్పండి. పోయినచోటంతా మీ పేరుతోనే పాడతాను."

అంతకన్నా ఏం కావాలి? చెప్పెయ్యమని ఆయన చెయ్యి గిల్లాను. ఆయన పొన్నిని ఎగాదిగా చూశాడు.

"నిన్ను అడిగి రమ్మని ఎవురు పంపినారు?" అన్నాడు.