అభ్యంతరం ఉందండి

తుపాకి తుడిచే పని నాది. శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి ఆరేశాక, నూనె గుడ్డ తీసుకుని వరండాలో కూర్చునేదాన్ని. మా ఇల్లు కాలువ లాకుల పక్కనే కావడంతో ఏడాది పొడుగునా చెమ్మే. ఇనప వస్తువేదైనా ఇట్టే తుప్పు పట్టేది. రెండు గొట్టాల్లోకీ సన్నటి కడ్డీతో గుడ్డ దూర్చి లాగి, మడత దగ్గర నూనె చుక్క వేసి, చెక్క మీద చేతి మరకలు పోయేదాకా రుద్దేదాన్ని. ఆ మరకలు మా ఆయనవి. ఆయన వారం పొడుగునా దాన్ని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో నాకు తెలుసు. అయినా రుద్దేదాన్ని.

మా ఆయన కృపానందం గారు లాకుల సూపరింటెండెంటు. ముదినేపల్లికీ బంటుమిల్లికీ మధ్య ఆ కాలువ కింద ఎవరి చేలకు ఎప్పుడు నీళ్ళు వదలాలన్నా ఆయన చెప్తేనే తలుపులు లేచేవి. పెద్దపెద్ద రైతులు కూడా "సూపర్నెంటు గారూ" అంటూ మా వరండాలోకి వచ్చి కూర్చునేవాళ్ళు. నేను పక్క ఊళ్ళో ఆడపిల్లల బడిలో టీచర్ని. మాకు ఒక్కతే కూతురు, సంతోషమ్మ. మా అత్తగారు దేవమ్మ మాతోనే ఉండేది.

తుపాకి ఒక తెల్ల ఇంజనీరుది. ఆయన తన దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే మా ఆయన కొన్నారు. ఊరికి దూరంగా కాలువ గట్టు మీద ఒంటరి ఇల్లు, అందులో ఆడవాళ్ళు ఉన్నారని చెప్పి లైసెన్సు తెచ్చుకున్నారు. మొదట్లో కొల్లేటి వైపు వెళ్ళి నాలుగు బాతుల్ని కొట్టుకొచ్చారు. తర్వాత ఆ సరదా తీరిపోయింది. తుపాకి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండిపోయింది.

అది ఆయనకు ఏమిటో నాకు తెలియక కాదు. మా మామగారు నతానియేలు పెద్ద రైతుల ఇళ్ళలో పాలేరుతనం చేసినవాడు. దొడ్డి గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టకుండానే ఆయన బతుకు గడిచిపోయింది. ఆయన కొడుకు చదువుకుని, కాలువ తాళాలు చేతికి తెచ్చుకుని, ఆ రైతుల్నే తన వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాడు. వాళ్ళలో చాలామంది మా ఇంట్లో కాఫీ ముట్టరు. కానీ మేకుకు వేలాడే తుపాకి వైపు ఒకసారి చూసి, గొంతు కాస్త తగ్గించి మాట్లాడతారు. మా ఆయనకు ఆ తగ్గిన గొంతు కావాలి. కడుపులో ఎన్నాళ్ళుగానో ఉన్న ఆకలి అది. నాకూ అర్థమయ్యేది. అర్థమైనందువల్లే ఇన్నేళ్ళూ నోరు విప్పలేకపోయాను.

ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు, తిట్టడం కూడా తక్కువే. నాకూ ఆయనకూ ఏదైనా మాట తేడా వస్తే లేచి వెళ్ళి తుపాకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చునేవారు. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, మడత విప్పి, గొట్టాల్లోంచి వెలుగు చూసి, టక్కుమని మూసేవారు. అప్పుడు చాలా నెమ్మదిగా "ఏదో అంటున్నావు?" అనేవారు. నేను ఏమీ అనలేదని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. బడిలో పై తరగతులు నాకు ఇస్తామన్నప్పుడు అంతే అయింది. పొద్దున పూట కాస్త పని అందుకోమని అడిగినప్పుడూ అంతే. అందులో తూటాలు ఉండవని నాకు తెలుసు. తూటాల పెట్టె బీరువాలో ఉండేది. కానీ ఆ టక్కుమనే చప్పుడుకి నా ఒంట్లో ఏం జరిగేదో దానికి తూటాలతో పని లేదు. ఈ సంగతి ఎవరితో చెప్పను? ఏమని చెప్పను? మా ఆయన తన తుపాకి తను చూసుకుంటారు అని చెప్పుకుంటే ఎవరైనా నవ్వుతారు. ఒకసారి ధైర్యం చేసి మా అత్తగారి దగ్గర కదిపాను. "కొట్టాడా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఇంకేం కావాలమ్మాయ్ నీకు?" అంది. నిజంగానే అడిగింది, ఎగతాళికి కాదు. ఆవిడ కాపురంలో అంతకన్నా కోరుకోవడానికి ఏమీ ఉండి ఉండదు.

సంతోషమ్మ నాలుగో తరగతి చదివే ఏడు ఆయుధాల మీద కొత్త చట్టం వచ్చింది. లైసెన్సులన్నీ మళ్ళీ విచారించి గానీ ఇవ్వరని చెప్పుకున్నారు. అదే రోజుల్లో పక్క ఊళ్ళో దొంగలు పడి ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఇక మా వరండాలో రోజూ అదే చర్చ. జనార్దనరావు గారని, ఆ కాలువ కింద అందరికన్నా పెద్ద రైతు, ఇంటికో తుపాకి ఉండాలి, సర్కారు అడ్డుపడడమేమిటి అనేవారు. సహకార సంఘం ప్రెసిడెంటు కాంతారావు గారు ఒప్పుకునేవారు కాదు. ఇంటికో తుపాకి ఉంటే వచ్చే వేసవిలో నీళ్ళ తగాదాలకు ఎన్ని శవాలు లేస్తాయో లెక్క చెప్పమనేవారు. మా ఆయన చట్టం చెప్పేవారు. తన ఇంట్లో తన ప్రాణానికో ఆస్తికో ముప్పొస్తే కాల్చినా కేసు నిలవదని, ఆత్మరక్షణ ప్రతి మనిషి హక్కని. తుపాకి కావాలన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ కూడా ఆడవాళ్ళున్న ఇల్లు, ఆడవాళ్ళున్న ఇల్లు అంటూనే ఉండేవాళ్ళు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతూ ఉండేదాన్ని. ఆయన ప్రాణం, ఆయన ఆస్తి. నేను ఈ రెంటిలో దేని కిందకు వస్తానో అని ఆలోచిస్తూ గ్లాసులు కడిగేదాన్ని. ఆత్మరక్షణ ప్రతి మనిషి హక్కయితే, నా ఆత్మను నేను దేనితో రక్షించుకోవాలి? నోరు తప్ప నా దగ్గర ఏముంది? ఆ నోరే మూత పడింది కదా.

ఒక సాయంత్రం సంతోషమ్మ తండ్రి ముందు నిలబడి, బడిలో ఏదో పందెంలో గెలిచానని చెప్తోంది. అదే సమయంలో ఆయన తుపాకి దించారు. ఆ రోజు కోపమేమీ లేదు, విచారణకు ఎస్సై వస్తాడని ఒకసారి చూసుకుందామని అంతే. టక్కుమంది. పిల్ల మాట సగంలో ఆగిపోయింది. ఆయన "చెప్పమ్మా" అన్నారు ప్రేమగానే. అది ఏమీ లేదు నాన్నా అని, తల వంచుకుని, వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడింది. ఏమీ లేదు అన్న ఆ మాట, ఆ తల వంచడం, ఆ వంటింట్లోకి రావడం, అన్నీ నావి. ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంది.

ఎస్సై నరసింహారావు గారు పట్టపగలే వచ్చారు. చుట్టుపక్కల పెద్దమనుషుల అభిప్రాయం రాసుకోవాలంటే మా ఆయన జనార్దనరావు గారినీ కాంతారావు గారినీ పిలిపించారు. ఒకరు ఇవ్వాలన్నారు. ఇంకొకరు కృపానందం గారు మంచివారే గానీ తుపాకులు తగ్గడం మంచిదన్నారు. ఎస్సై గారు అన్నీ రాసుకుని, కలం మూయబోతూ, నేను కాఫీ ఇస్తుంటే తలెత్తి, ఇంట్లోవాళ్ళకు అభ్యంతరమేమీ లేదు కదా అని అడిగారు.

"ఆవిడకేం అభ్యంతరమండీ, ఆవిడ కోసమేగా ఇదంతా" అన్నారు మా ఆయన.

"ఉందండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జనార్దనరావు గారి ముందు, ఆ కుర్చీల ముందు, మా ఆయన తల దించే మాట నా నోటి నుంచి వస్తోందని తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణం మామగారు గుర్తొచ్చారు. అయినా ఆగలేదు.

"ఇన్నేళ్ళలో మా ఇంటికి దొంగలెవరూ రాలేదండి. ఈ తుపాకిని చూసి భయపడింది నేనూ, నా కూతురూ. ఇంకెవరూ లేరు."

మీ మీద గురిపెట్టారా అమ్మా అని ఎస్సై గారు అడిగారు. లేదండి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, మేం మాట్లాడడం మానేస్తాం అని చెప్పాను. ఇంటి గొడవలు కాగితాలకెక్కిస్తారా అని జనార్దనరావు గారు విసుక్కున్నారు. కాంతారావు గారు మాత్రం, ఇంతసేపూ మనం చెప్పిందాని కన్నా అది అసలు సంగతి, రాసుకోండి అన్నారు. ఎస్సై గారు రాసుకున్నారు. పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా తుపాకి స్టేషన్లో ఉండాలన్నారు. మా ఆయనే లోపలికి వెళ్ళి దించుకొచ్చి ఇచ్చారు. కుర్చీలోంచి లేపేసిన మనిషి మొహంలా ఉంది ఆయన మొహం. దానికి ఇవాళ్టికీ బాధపడతాను. కానీ చెప్పినందుకు కాదు.

ఊరు రెండుగా చీలింది. మొగుణ్ణి పోలీసులకు అప్పగించిందని కొందరు, ఉన్నమాటే చెప్పిందని ఇంకొందరు. బడిలో తోటి టీచర్లు నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. చర్చి అయ్యగారు ఆదివారం ప్రార్థనయ్యాక ఇంట్లో సమాధానంగా, శాంతిగా ఉండడం గురించి నాకు విడిగా నాలుగు మాటలు చెప్పారు. చేపల గంపతో వచ్చే పాపాయమ్మ మాత్రం గంప దించి మా గుమ్మంలో కూర్చుంది. "మా ఇంట్లో మా ఆయనకి పడవ తెడ్డు ఉందమ్మా" అంది. "దానికి లైసెన్సు అక్కర్లేదంట. ఎవరికి చెప్పుకోను?" లోపలికి రమ్మని ఆవిడ పక్కన కూర్చున్నాను.

మా ఆయన నాతో మాట్లాడడం మానేశారు. కొడతారేమోనని భయపడ్డాను, కొట్టలేదు. మా అత్తగారు ఆయనకు అన్నం పెడుతూ కన్నీళ్ళు పెట్టుకునేది. లైసెన్సు ఇవ్వడం లేదని ఉత్తర్వు వచ్చింది. తుపాకిని బందరులో ఎవరికో అమ్మేశారు. ఇల్లు మెల్లమెల్లగా తేలికపడింది. సంతోషమ్మ ఇంట్లో పాటలు పాడడం మొదలుపెట్టింది. నాకు నిద్ర పట్టేది. ఎంత నిద్ర పట్టేదంటే, ఇన్నేళ్ళూ నేను నిద్రపోలేదని అప్పుడు తెలిసింది.

ఐదో తరగతి అయిపోయాక పిల్లను ఇక చదువు మాన్పిద్దామన్నారు ఆయన, అన్నం తింటూ, గోడతో చెప్తున్నట్టు. గుడివాడలో హాస్టల్లో పెట్టి హైస్కూలు చదివిద్దామన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని విసురుగా లేచారు. అలవాటు ప్రకారం తలుపు దగ్గరదాకా వెళ్ళారు. దాని వెనక ఖాళీ మేకు చూసి తిరిగొచ్చి కూర్చున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"అంత దూరంలో దానికేమన్నా అయితే?" అన్నారు.

నేను ఆశ్చర్యపోయాను. ఆయనకు ఉన్నది భయమని నాకు అప్పటిదాకా తెలియదు. వార్డెను ఉంటుంది, నేను ప్రతి ఆదివారం వెళ్ళొస్తానన్నాను. నీకు తెలియదన్నారు. మీకేం తెలుసన్నాను. ఆయన గొంతు పెంచారు, నేనూ పెంచాను. పాలేరు కొడుకైనా చదువుకున్నారు కాబట్టే మీకు ఈ ఉద్యోగం, అది ఆడపిల్లకు వద్దా అన్నాను. మా అత్తగారు పరిగెత్తుకొచ్చింది. లాకుల దగ్గర కూలీలు పని ఆపి మా ఇంటివైపు చూశారు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఎవరమూ లేవలేదు. ఆయన మాటకు నేనూ, నా మాటకు ఆయనా జవాబు చెప్పుకుంటూ, గొంతులు బొంగురు పోయేదాకా అరుచుకున్నాం. నా గుండె మాత్రం హాయిగా కొట్టుకుంటోంది.

మా కాపురంలో మేమిద్దరం పోట్లాడుకోవడం అదే మొదటిసారి.