రాసే గడి ఒక్కటే

పేజర్ మోగిన ఐదు నిమిషాల్లో స్టేషన్‌లో ఉండాలి. మా ఊళ్లో రోజంతా స్టేషన్‌లోనే ఉండే అగ్నిమాపక సిబ్బంది లేరు. వాళ్లను కౌంటీ ప్రభుత్వం పెద్ద పట్నాల్లోనే పెట్టింది. ఇక్కడ మేం పదకొండు మందిమి, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పేజర్ నడుముకు తగిలించుకుని తిరుగుతాం. నలుగురు చేరితేనే మంటలార్పే బండి కదులుతుంది. ముగ్గురే వస్తే పక్క ఊరి బండి కోసం ఎదురుచూడటమే. పగటిపూట ఊళ్లో మిగిలేది సరిగ్గా నలుగురం. నేను ఇంటి వెనక షెడ్డులో గుర్రపు జీన్లు కుడతాను కాబట్టి నాలుగోవాణ్ని నేను.

నా భార్య హేజెల్ కొండవాలున ఒక ఇల్లు చూసింది. షెడ్డుకు బదులు పాత పశువుల కొట్టం ఉంది.

"పందొమ్మిదేళ్లు ఆ డబ్బాతో కాపురం చేశావు. ఇక నాతో చెయ్యి రోలండ్," అంది. నవ్వుతూనే అంది.

స్టేషన్ పెద్ద డెరిక్‌కు చెప్పాను.

"అక్కణ్నుంచి ఎంతసేపో నువ్వే కొలుచుకో. ఏది చెబితే అది రాస్తా. వెనకాలే వచ్చి చూడ్డానికి నేనేమన్నా మీ అత్తగారినా?" అన్నాడు.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆ ఇంటి గేటు దగ్గర గడియారం నొక్కి స్టేషన్‌కు కారు బయల్దేరదీశాను. ఆరు నిమిషాల పది సెకన్లు. ఒళ్లంతా తేలికైంది. మానేస్తున్నానని ఎవరితోనూ అనక్కర్లేదు, దూరమే మాన్పించింది.

ఆ తేలికదనమే నన్ను నిలదీసింది. వచ్చేటప్పుడు ఇరుకు దారిలో ఒక ట్రాక్టరుకు దారిచ్చి ఆగాను. అది ఇంకా ఎంతో దూరంలో ఉంది. పేజర్ మోగి ఉంటే ఆగేవాణ్నా?

వెనక్కి వెళ్లి మళ్లీ కొలిచాను. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. ఈ అంకెలో తప్పు పట్టడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"ఎంత?" అన్నాడు డెరిక్, ఫారం ముందుకు లాక్కుని కలం తీసుకుంటూ.

"రెండు అంకెలున్నాయి."

"రాసే గడి ఒక్కటే నాయనా."

"నాలుగు యాభై. ఇల్లు దూరం కాదు. అయినా మానేస్తున్నా. నెలాఖరు దాకా ఉంటా."

అతను అంకె వేసి తలెత్తాడు. "పగలు ముగ్గురం మిగులుతాం. బండి షెడ్డులోనే."

"తెలుసు."

"ఆరు నిమిషాలని చెప్పి ఉంటే నిన్ను ఒక్క మాట అనేవాణ్ని కాదు కదరా!"

"అందుకే చెప్పలేదు."

డెరిక్ ఫారం నా వైపు తిప్పాడు. "కారణం నువ్వే రాయి. ఆ మాట నా చేత్తో రాయను."

కుటుంబం అని మొదలుపెట్టి కొట్టేశాను. హేజెల్ అడిగింది నిజమే, కానీ ఒప్పుకున్నది నేను. దాని పక్కన 'నా ఇష్టం' అని రాసి సంతకం చేశాను. డెరిక్ అది చదివి, పగలు ఊళ్లో ఉండేవాళ్ల జాబితా కోసం సొరుగు లాగాడు.