కొండవానకు మూడు పొరలు

చక్రధర్ తెచ్చిన సంచిని మహిత తన ఇంటి తలుపు కమ్మీకి వేలాడుతున్న స్ప్రింగు త్రాసుకు తగిలించగానే ముల్లు పద్నాలుగు కిలోల దగ్గర ఆగింది.

"ఇది పెద్దమ్మ సంచా, మీ అంగడి సరుకా?" అంది మహిత.

"మాయమ్మకి అరవై మూడేండ్లు మేడమ్. కొండలో వాన. ఆ మాత్రం ఉండల్ల గదా."

మహిత సంచిని నేల మీద బోర్లించింది. నాలుగు నూలు చీరలు, రెండు దుప్పట్లు, మూడు తువ్వాళ్లు, పోలీసులు వేసుకునేలాంటి రబ్బరు వానకోటు. అన్నీ కొత్తవే, అన్నీ మేలురకమే. పలమనేరులో చక్రధర్‌కు బట్టల అంగడి ఉంది. కొడుకుగా ఎంత ప్రేమ ఉందో వ్యాపారిగా అంత గర్వమూ ఆ సంచిలో ఉంది.

అది 2002 కార్తీకం. అంతకు ముందు ఏడాది చక్రధర్ మెదడువాపు జ్వరంతో ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పుడు తల్లి చంద్రకాంతమ్మ మొక్కుకుంది. కొడుకు లేచి తిరిగితే కార్తీక సోమవారం నాడు శేషాచలం కొండల్లోని సిద్ధులకోన ఊటలో మునిగి, తడిబట్టలతోనే లింగం దగ్గరికి నడిచి దీపం పెడతానని. కొడుకు లేచాడు. ఆమె మాత్రం ఆ వేసవిలో న్యుమోనియాతో పడింది. ఇంకోసారి గట్టిగా చలి తగిలితే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆమెను ఆపడం చక్రధర్ వల్ల కాలేదు. ప్రాణాలతో తిరిగి తీసుకురాగల మనిషి కోసం వెతికితే తిరుపతిలో అందరూ ఒకే పేరు చెప్పారు. మహిత, మహిళా కాలేజీలో వ్యాయామ అధ్యాపకురాలు. హిమాలయాల్లో రెండుసార్లు శిక్షణ పొందింది. సెలవు రోజుల్లో కొండల్లోనే ఉంటుంది.

"ఈ చీర చూడండి," అన్నాడు చక్రధర్ తన సరుకును వెనకేసుకొస్తూ. "వందో నంబరు సన్న నూలు. ఇట్టాంటిది మీ తిరుపతిలో దొరకదు."

మహిత ఆ చీర కొంగును చెంబులో ముంచి తీసి అతని చేతిలో పెట్టి, ఫ్యాను తిప్పింది.

"ఎట్టుండాది?"

"సల్లగా ఉండాది."

"ఎండాకాలం అందుకే అమ్ముడుపోతాది. కొండ మీద గాలిలో ఇదే చలి మనిషిని తినేస్తాది. నూలు నీళ్లు తాగుతాది, ఒక పట్టాన వదలదు."

బట్టల వ్యాపారి ఆ కొంగును పిండి పక్కన పెట్టాడు. అతని నలభై రెండేళ్ల జీవితంలో నూలును తప్పుపట్టిన మనిషి ఆమే మొదలు.

రబ్బరు కోటు ఒక్కటే రెండు కిలోలు తూగింది. దాన్నీ పక్కకు నెట్టింది. "ఇది వేసుకుని ఎక్కితే లోపల చెమట పోయే దారుండదు. వాన బయట తడుపుతాది, ఇది లోపల తడుపుతాది. తడవడం మాత్రం తప్పదు."

తరువాత తన అలమర తెరిచి మూడు వస్తువులు బయటికి తీసింది. ఒంటికి అంటి ఉండే పల్చటి ఆటల బనియను. అది నీళ్లు పీల్చదు, విదిలిస్తే ఆరుతుంది. దాని మీదికి చలికాలంలో రోడ్డు పక్కన నేపాలీలు అమ్మే సన్నటి ఉన్ని స్వెట్టరు. అన్నిటికీ పైన, గాలినీ వాననూ ఆపడానికి, టోపీ ఉన్న వానచొక్కా. అది అంగట్లో కొన్నది కాదు. దర్జీ రాజారత్నం చేత గొడుగు గుడ్డతో కుట్టించింది. కుట్ల వెంబడి తనే కొవ్వొత్తి రుద్ది, ఇస్త్రీపెట్టెతో కరిగించి రంధ్రాలు మూసింది. చంకల కింద మాత్రం జానెడు కుట్టకుండా వదిలేసింది, లోపలి ఆవిరి బయటికి పోవాలని.

మూడూ కలిపి త్రాసుకు తగిలించింది. ముప్పాతిక కిలో.

"ఇంతేనా?" అన్నాడు చక్రధర్.

"ఇవి నావి. ఇట్టాంటివే పెద్దమ్మకు ఇంకో జత, దాంతో ఒక నైలాన్ చీర. అవి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగిస్తాను. లింగం దగ్గర మొక్కు తీరినాక తప్ప ఆ మూట ఎవరూ విప్పకూడదు. వానెంత కొట్టినా సరే."

ఇంతసేపూ గోడకు ఆనుకుని వింటున్న చంద్రకాంతమ్మ అప్పుడు నోరు తెరిచింది. "పాపా, నీకు పెండ్లయిందా?"

"లేదు పెద్దమ్మా."

"ఇట్ట తూకం వేస్తా ఉంటే యాడవుతాది," అని చంద్రకాంతమ్మ నవ్వింది. మహిత కూడా నవ్వింది.

సోమవారం ఉదయం ఏడింటికి జీపు వాళ్లను అడవి అంచున దింపింది. దారి చూపిస్తూ ముందు మునస్వామి నడిచాడు. యాభై ఏళ్లుగా ఆ కొండల్లో ఉసిరికాయలు ఏరిన మనిషి. భుజాన నల్లటి కంబళి. వెనక చంద్రకాంతమ్మ, ఆమె పక్కన మహిత, ఆఖరున చక్రధర్. వాన సన్నగా మొదలై ఎనిమిదికల్లా ముదిరింది. ఎర్రచందనం చెట్ల కింద బాట కాలువలా పారింది.

పది గంటలకు ఊట చేరారు. చంద్రకాంతమ్మ రాతి తొట్టిలో మూడు మునకలు వేసింది. తడి చీర, తడి రవికతో వణుకుతూ, నవ్వుతూ బయటికి వచ్చింది. అక్కడి నుంచి లింగం రెండు వందల అడుగులు. మధ్యలో ఒక వంక, చిన్న కొండవాగు, దాటాలి. మామూలు రోజుల్లో మోకాలు కూడా తడవదు. అయిదు నిమిషాల పని.

మునస్వామి వంక దగ్గరికి వెళ్లి వెంటనే తిరిగొచ్చాడు.

"పైన యాడో వాన బలంగా కొట్టినట్టుండాది. బండలు దొర్లుతా ఉండాయి. దాటలేము."

"వేరే దారి?" అడిగింది మహిత.

"మిట్టెక్కి, వంక పుట్టే చోటికి పోయి, అవతల దిగల్ల. రెండు గంటలు."

అయిదు నిమిషాల తడిబట్ట రెండు గంటల తడిబట్ట అయింది. అదీ చెట్టు చాటు కూడా లేని మిట్ట మీద, ఎదురుగాలిలో.

"అమ్మా, తిరిగి పోదాం," అన్నాడు చక్రధర్. "ఇంకో సోమవారం వద్దాం."

"మునిగినాక వెనక్కి పోతారా ఎవరైనా? నడవండి," అని చంద్రకాంతమ్మ మునస్వామి కంటే ముందు అడుగు వేసింది.

అరగంటలో మిట్ట పైకి చేరారు. గాలి ఒక్కసారిగా మీద పడింది. చంద్రకాంతమ్మ పళ్లు టకటక కొట్టుకోవడం వెనకున్న కొడుక్కు వినిపించింది. ఆమె పెదవులు నల్లబడ్డాయి. నుదుటి మీది వెంట్రుకలు తోసుకోబోతే చేయి చెవి దగ్గరికి పోయింది. రెండుసార్లు చదును నేల మీదే తూలింది.

"ఇప్పుడు పరవాలేదప్పా," అన్నాడు మునస్వామి కాసేపటికి. "అమ్మకు వణుకు తగ్గినట్టుండాది."

మహిత ఆగిపోయింది. వణుకు ఒంట్లో మంట రాజుకోవడం లాంటిది. తూలే మనిషికి వణుకు తగ్గిందంటే ఆ మంట ఆరిపోతోందని అర్థం. ఇంకో గంటన్నర నడక ఉంది. చంద్రకాంతమ్మకు అంత వ్యవధి లేదు.

పెద్ద బండ చాటుకు అందరినీ లాగింది. తన వానచొక్కా విప్పి, లోపలి ఉన్ని స్వెట్టరు తీసింది. "పెద్దమ్మా, రవిక తీసేసి ఇది వేసుకోండి."

"లేదు." మాట ముద్దగా వచ్చింది కానీ పట్టు సడలలేదు. "నువ్వేసుకున్న బట్ట. మడికి పనికిరాదు."

"మీ ఇంట్లో పూజకు ధావళి కట్టుకుంటారా?"

ధావళి ఉన్ని చీర. మడిబట్ట ఆరని వానాకాలంలో ఆడవాళ్లు వంటకూ పూజకూ కట్టుకునేది. చంద్రకాంతమ్మ తల ఊపింది.

"దాన్ని రోజూ తడిపి ఆరేస్తారా?"

"ఉన్నికి మైల యాడిది?"

"ఇదీ ఉన్నే. గొర్రె బొచ్చే, ఇంకేం కలవలేదు."

చంద్రకాంతమ్మ స్వెట్టరును వేళ్లతో తడిమింది. ఒక్క క్షణం మెత్తబడి, మళ్లీ తల అడ్డంగా ఊపింది. "పొడిగా ఉండాది. నేను మొక్కుకునింది తడిబట్ట."

"అమ్మా, సచ్చిపోతావు," అన్నాడు చక్రధర్.

"నువ్వు సావలేదు గదా. అది సాలు."

మహిత వాదించలేదు. లేచి వెళ్లి, తనకున్న ఒకే ఒక్క పొడి స్వెట్టరును రాతి గుంటలోని వాననీళ్లలో ముంచింది.

"అయ్యో, ఏం పని మేడమ్ ఇది," అన్నాడు మునస్వామి.

ఆమె దాన్ని బలమంతా పెట్టి పిండింది, మళ్లీ పిండింది, విదిలించింది. "ఇప్పుడు తడిబట్టే. వేసుకోండి."

కొండల్లో తిరిగేవాళ్లకు తప్ప ఎక్కువమందికి తెలియని సంగతి అది. తడిసిన నూలు ఒంటికి అతుక్కుని వేడిని లాగేస్తుంది. పిండిన ఉన్ని మాత్రం పోగుల మధ్య గాలిని పట్టుకునే ఉంటుంది. తడిగా ఉన్నా వెచ్చదనం ఇస్తుంది. ఉన్ని తడిస్తే ఏమవుతుందో ఆమె ఎప్పుడో తన ఒంటి మీదే పరీక్షించుకుంది.

చంద్రకాంతమ్మ ఆ నీళ్లోడుతున్న స్వెట్టరు వంక, తర్వాత మహిత మొహం వంక చూసింది. మగవాళ్లిద్దరినీ అటు తిరగమంది.

రవిక పోయి ఒంటి మీదికి ఉన్ని వచ్చింది. చీరను కూడా పిండి మళ్లీ చుట్టింది మహిత. కానీ గాలి ఆగితేనే ఉన్ని పనిచేస్తుంది. తన వానచొక్కా కూడా చాపింది.

"అది వద్దు. మడి మీద కోటు వేసుకుంటారా?"

"వానకు గొడుగు పడతారా, పట్టరా?"

"పడతాను."

"రాజారత్నం గొడుగు గుడ్డతోనే కుట్టినాడు. చేత్తో పట్టుకునే బదులు ఒంటికి పట్టుకుంటా ఉండారు, అంతే."

"నీతో ఎవరు మాట్లాడగలరు పాపా," అని చంద్రకాంతమ్మ చేతులు పైకెత్తింది.

మహిత ఆమె తల మీదికి టోపీ లాగి తాడు బిగించి, చంకల కింది సందులను పిన్నులతో మూసేసింది. ఇప్పుడు ఆవిరి బయటికి పోకూడదు, లోపలే ఉండాలి. ఫ్లాస్కులోని వేడి బెల్లంనీళ్లు తాగించింది. కార్తీక సోమవారం ఉపవాసానికి బెల్లంనీళ్లు అడ్డం రావు.

పది నిమిషాలు నడిచారో లేదో చంద్రకాంతమ్మ మళ్లీ గజగజ వణకడం మొదలుపెట్టింది. చక్రధర్ హడలిపోయాడు.

"మేడమ్, మళ్లా వచ్చింది వణుకు."

"రానీండి," అంది మహిత. ఆ ఉదయం మొదటిసారి ఆమె మొహంలో వెలుగు కనిపించింది. "నేను దానికోసమే చూస్తా ఉండాను."

ఆమె ఒంటి మీద మిగిలింది ఆ పల్చటి బనియను ఒక్కటే. మూతి బిగించిన కవర్లో పొడి జత ఉంది. చక్రధర్ దానివైపు చూశాడు.

"అది వేసుకోండి మేడమ్."

"అది పెద్దమ్మది. తడిబట్టతో వచ్చిన మనిషికి లింగం దగ్గర పొడిబట్ట లేకపోతే ఇంతసేపు నడిచింది దండగ."

"మరి మీకు?"

"నాకు నడక ఉండాది."

మునస్వామి కంబళి తీసి ఆమె మీద కప్పబోయాడు. అది నీళ్లు తాగి గండశిల అంత బరువైంది. మహిత నవ్వి, దాన్ని అతని భుజానికే సర్దింది. తర్వాత ముందుకు వచ్చి గాలికి ఎదురుగా నిలిచి, చంద్రకాంతమ్మ తన వీపు చాటున ఉండేలా నడిచింది. ఎత్తులో అడుగు చిన్నది, దింపులో అడుగు గట్టిది, ఎక్కడా ఆగడం లేదు. ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. బనియను తడుస్తోంది, గాలికి ఆరుతోంది, మళ్లీ తడుస్తోంది. ఇరవై ఏళ్లుగా గుడ్డలు అమ్ముతున్న చక్రధర్ ఆ గుడ్డనూ ఆ మనిషినీ కన్నార్పకుండా చూస్తూ నడిచాడు.

పన్నెండున్నరకు లింగం కనిపించింది. పైన రాతి చరియ, కింద పొడి నేల. చంద్రకాంతమ్మ తన కాళ్లతోనే లోపలికి నడిచింది. ప్రమిద, వత్తి, నూనె తనే తీసింది. వేళ్లు ఇంకా వణుకుతున్నాయి కానీ అనుకున్న చోటికే పోతున్నాయి. మూడో అగ్గిపుల్లకు దీపం వెలిగింది.

ఆమె దండం పెట్టి లేవగానే మహిత కవరు మూతి చించింది. లోపల ఒక్క చుక్క తడి లేదు. బండ చాటున పొడి చీర, పొడి బనియను, పొడి స్వెట్టరు, వానచొక్కా వేసుకుని వచ్చిన చంద్రకాంతమ్మ, విప్పిన తడి స్వెట్టరును తానే పిండి మహితకు తొడిగింది. దాని మీద ఆమె వానచొక్కా వేసి, గుండీలు కూడా తానే పెట్టింది.

మునస్వామి చితుకులు రాజేసి నీళ్లు కాచాడు. చంద్రకాంతమ్మ పెదవుల మీదికి రంగు వచ్చింది. చక్రధర్ ఆమె కాళ్ల దగ్గర కూలబడి రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుని రుద్దుతున్నాడు.

"అమ్మా, ఇంకెప్పుడూ ఇట్టాంటి మొక్కులు పెట్టుకోబాక."

"నువ్వు జరం తెచ్చుకోకుండా ఉండు," అంది చంద్రకాంతమ్మ, "పెట్టుకోను."